ఆయుధము – అభయము

తన ప్రాణమును తాను కాపాడుకొనుట ప్రతి జీవికిని సహజమైన హక్కు. దీనిని ఏ ధర్మశాస్త్రమును కాదనలేదు. 1860 నాటి శిక్షాస్మృతియు, దాని స్థానమున 2024 జూలై మొదటి తేదినుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయు, ఆత్మరక్షణార్థము మితిమీరక చేసిన కార్యమును నేరముగా నెంచలేదు. అయితే ఆత్మరక్షణపు హక్కు కలవారి కెల్లరకును ఆయుధము ధరించు హక్కు కూడ నుండవలెనా? మొదటిదానినుండి రెండవది తనంతట తానే సిద్ధించునా? పైకి జూచుటకు ఇది చిన్న ప్రశ్న. లోతునకు దిగినకొలది ఇది మన ఇంటి గడియ మొదలు రాజ్యాంగము వరకు నన్నింటిని తాకుచున్నది.

ఈ ప్రశ్న నాకు గ్రంథములలో తటస్థింపలేదు. చిత్తూరు జిల్లాలో, కుప్పమునకు చేరువనున్న రామకుప్పము ప్రాంతమున, ఒక పొలము గట్టుమీద నెదురైనది. ఆ సీమ మూడు భాషల కూడలి. అచ్చటి యడవికి రాష్ట్రముల ఎల్లలు తెలియవు. 1980 తరువాతి యేండ్లలో పొరుగు రాష్ట్రముల యడవులనుండి ఏనుగుల మందలు ఇటు వచ్చి చేరినవి. 1990లో కౌండిన్య అభయారణ్యము వెలసినది. ఏనుగునకు అభయమిచ్చిన యా యడవి, దాని యంచున రాగియు వేరుసెనగయు టమాటయు పండించు రైతునకు మాత్రము భయారణ్యమైనది. ప్రభుత్వము వారు కందకములు త్రవ్వించిరి. సౌరవిద్యుత్తు కంచెలు వేయించిరి. రామకుప్పము మండలములోని నన్నియాల యొద్ద, అడవి మందలను మరలించుటకై శిక్షణ పొందిన ఏనుగుల నుంచిరి. అయినను చీకటి పడిన పిదప మంచె యెక్కి కూర్చుండువాడు రైతే.

అట్టి మంచె క్రింద నొక వృద్ధుడు నాతో మాటలాడెను. నాటు తుపాకులు కలిగియుండుట నేరమనియు, వానిని పోలీసు ఠాణాలో నప్పగించుట మేలనియు నేను హితోపదేశము చేయబోయితిని. ఆయన సాంతముగా విని యిట్లనెను: “తుపాకి వద్దనేది మీరే, ఏనుగును ముట్టొద్దనేది మీరే. రెండూ న్యాయమే అయ్యా. మరి రాత్రి కావిలికి మీరొస్తారా?”

నాకు వెంటనే బదులు తోచలేదు. నాటినుండి ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఆయన తుపాకిని కోరుచున్నాడని నేను మొదట భ్రమపడితిని. పిదప తెలిసిన దేమనగా, ఆయన తండ్రి కాలమున ఆ యింట పంటకావలి కొరకు లైసెన్సుగల యొంటిగొట్టపు తుపాకి యుండెడిది. ఒకనాటి రాత్రి తండ్రికి సంగటి ముద్ద మోసికొని పోవుచున్న ఈయన, అప్పటికి పదేండ్ల బాలుడు, చాళ్ల నడుమ నడచుచుండగా ఆకుల చప్పుడు విని తండ్రి పంది యనుకొని కాల్చెను. గుండు తలపైనుండి పోయెను. తండ్రి మరల నా తుపాకిని ముట్టలేదట. “ఆ తుపాకి నాకొద్దు. కావిలి మాత్రం కావల్ల” అని ఆయన ముగించెను.

మన పురాణములు దీని నెరుగనివి గావు. దశరథుడు శబ్దమును బట్టి బాణము వేయుటలో మేటి. సరయూతీరమున చీకటిలో కుండ నీట మునుగు చప్పుడు విని, ఏనుగు నీరు త్రావుచున్నదని తలచి యతడు బాణము విడిచెను. అది తగిలినది అంధులైన తల్లిదండ్రులకు నీరు తేవచ్చిన ముని కుమారునకు. దశరథునకు నేర్పు కొరవడలేదు, దుర్బుద్ధి లేదు, గురి తప్పలేదు. తప్పినది తెలివిడి యొక్కటే. ఆయుధమునకు దూరము చాల కలదు; మనుజుని జ్ఞానమునకు చీకటిలో నంత దూరము లేదు. ఈ రెండు దూరముల నడుమనున్న యెడమునందే నిరపరాధులు కూలుచున్నారు.

శాసనము రైతు బాధను బొత్తిగా మరచినదనరాదు. 1959 నాటి ఆయుధ చట్టములోని 13వ విభాగము, గొట్టపు మూతినుండి మందు కూరు తుపాకిని నిజముగా పంటరక్షణకై కోరువానికి లైసెన్సు నిచ్చు విషయమును ప్రత్యేకముగా పేర్కొనినది. 2019లో వచ్చిన సవరణ ఒక్కొక్కరు ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్యను మూడునుండి రెండునకు తగ్గించి, పెండ్లిండ్లలోను ఉత్సవములలోను పరుల కపాయము కలుగునట్లు వేడుకకై కాల్చుటను శిక్షార్హము గావించినది. ఈ కట్టుబాట్లు న్యాయమైనవే.

అయినను నిరాయుధీకరణము నెల్ల శుభమని పొగడుటకు మన చరిత్ర యొప్పుకొనదు. 1878లో లిట్టను ప్రభువు కాలమున వచ్చిన ఆయుధ శాసనము భారతీయుని లైసెన్సు అడుగుచు, తెల్లవానిని మినహాయించెను. అహింసావ్రతుడైన గాంధీజీయే దానిని ఆంగ్లప్రభుత్వపు ఘోరాపరాధములలో నొకటిగా నెంచెను. 1931 నాటి కరాచీ తీర్మానమున, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కు చేర్చబడెను. కాని 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో హరివిష్ణు కామత్ ఆ హక్కును ప్రాథమిక హక్కులలో చేర్పవలెనని ప్రతిపాదింపగా, అంబేద్కరు మహాశయు డంగీకరింపలేదు, సభయు త్రోసిపుచ్చెను. మన రాజ్యాంగము 19వ అధికరణమున శాంతియుతముగా, ఆయుధములు లేక సమావేశమగు హక్కునే మనకిచ్చినది.

ఇందు పరస్పర విరోధము కలదా? లేదని నా తలంపు. పరాయి ప్రభువు ప్రజలను నమ్మక ఆయుధము లాగికొనుట అవమానము. ప్రజలు తమలో తాము నమ్మికతో ఆయుధమును దించుకొనుట నాగరికత. చేసిన పని రెండింట నొక్కటే. దాని వెనుక నున్న మాట వేరు. అయితే ఆ మాట నిలుపుకొననిచో రెండవది మొదటిదానివలెనే అవమానముగా మారును.

ఇక పట్టణములలో నడుమున పిస్తోలు దాచికొని తిరుగ గోరువారి సంగతి. రైతు భయమునకు రూపము కలదు. అది రాత్రి పూట వచ్చును, పంట తిని పోవును. పట్టణపు ధనికుని భయమునకు పెక్కుమారులు రూపమే లేదు. అతడు ఆయుధమును కోరుట భయము వలననా, దర్పము వలననా యని తన్ను తానే ప్రశ్నించుకొనవలసియున్నది. 2016 నాటి నిబంధనలు బహిరంగ స్థలములలో ఆయుధమును కప్పియే యుంచవలెనని విధించుచున్నవి. ఇతరులను బెదరింపకుండుటకు ఇది మేలే. కాని దాచిన ఆయుధమునకు వేరొక దోషము కలదు. ఎదుటివాడు మనతో సమానుడనుకొని వాదించుచుండును. మన మాత్రము తుది మాట మన నడుమున నున్నదని యెరిగి వాదించుచుందుము. అట్టి సంభాషణము సమానుల సంభాషణము గాదు. పాండవులును ఆయుధములను దాచిరి. కాని వారు వానిని జమ్మిచెట్టుపై దాచి, వట్టి చేతులతో విరాటుని కొలువు ప్రవేశించిరి. మన యాధునికుడు ఆయుధమును తనమీదనే దాచికొని, వట్టి చేతులవాడనని లోకమును నమ్మించుచున్నాడు.

పొరుగున కొడగు సీమవారికి 1959 చట్టమునుండి పరంపరగా మినహాయింపు కలదు. 2019లో దానిని మరి పదేండ్లు పొడిగించిరి. వారు ఏటేట ఆయుధములను పూలతో పూజింతురు. అచ్చట ఆయుధము ఇంటింట అందరి కంటికి కనబడునది. పెద్దల మందలింపునకు లోబడినది. పదిమంది చూపు కొంత కట్టడి చేయును. దాచిన పిస్తోలునకు ఆ కట్టడియు లేదు.

గురి పోటీల నేమందుము? హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్సులో కాంస్యపతకము గొనెను. ఆ నగరమునకే చెందిన ఈషా సింగ్, 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో పిస్తోలు పోటీలలో ఒక స్వర్ణమును మూడు రజతములను గెలిచెను. నారంగ్ పతకము గొనిన 10 మీటర్ల గాలి రైఫిలు పోటీలో లక్ష్యపు నడిమి చుక్క అర మిల్లీమీటరు. దానిని కొట్టుటకు ఊపిరిని, గుండె చప్పుడును, మనస్సును నిలుపవలెను. ఇది యొక విధమైన యోగమే. దీనిని హింస యనువారు పొరబడుచున్నారు. పైగా ఆ క్రీడాస్థలమున అందరికంటె ముందు నేర్పునది గెలుపు గాదు, గొట్టము నెన్నడును మనుజుని వైపు త్రిప్పరాదను నియమము.

అయితే క్రీడానైపుణ్యము ఆత్మరక్షణకు అర్హత యనుట సరిగాదు. ద్రోణుని పరీక్షలో అర్జునునకు పక్షి కన్ను తప్ప చెట్టు గాని కొమ్మ గాని కనబడలేదు. క్రీడలో నది మెప్పు. చీకటి పొలములో నదియే ప్రమాదము. అచ్చట కన్నుతోబాటు కొమ్మ, చెట్టు, చెట్టు వెనుక ముద్ద మోసికొని వచ్చు బిడ్డ, అన్నియు కనబడవలెను. గురి దృష్టిని సన్నగించును, వివేకము వెడల్పు చేయును. మొదటిదానిని నేర్చినవాడు రెండవదానిని నేర్చినట్లు గాదు.

ఒంటరి స్త్రీ మాట యేమి, ఠాణాకు ఇరువది మైళ్ల దూరమున నున్నవాని మాట యేమి యని యడుగువారు కలరు. వారి ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. నిజమైన ప్రాణభయము కలవారికి విచారించి లైసెన్సు నిచ్చుట న్యాయమే. కాని ఆయుధము ఇచ్చివేసి, ఇక నీ రక్షణ నీదేయని సమాజము చేతులు కడుగుకొనుట న్యాయము గాదు.

నేను తేల్చుకొనిన దిది. ఒకని చేతినుండి ఆయుధమును దింపినవాడు ఆ క్షణముననే వానికి ఋణపడుచున్నాడు. ఆ ఋణము ఉపదేశముతో తీరునది గాదు. తెగిన కంచెను నాడే బాగుచేయుట, నష్టపరిహారమును మరుపంటకు ముందే యిచ్చుట, ఊరివారు వంతులవారీగా కావలి కాయుట, పిలిచిన వెంటనే అటవీ సిబ్బంది వచ్చుట: దానిని తీర్చు మార్గము లివి. అహింసను బోధించు మనమందరము, మన యింట గడియ వేసికొని నిద్రించు ప్రతి రాత్రియు, ఆ వృద్ధుని ప్రశ్నకు బదులు చెప్పవలసిన వారమే.