పితూరీ అన్న మాట

అడ్డతీగలలో సంత రోజు. జీడిపిక్కలు అమ్ముకుని, ఖాళీ సంచి భుజాన వేసుకుని, మా విద్యార్థిని తండ్రి కాలేజీకి వచ్చారు. కొండరెడ్డి. కూతురు పక్కనే ఉంది. నేను ఆ అమ్మాయికి చరిత్ర చెబుతాను. ఆయన వచ్చింది టీసీ కోసం.

కూర్చోమంటే కూర్చోలేదు.

"చదువు మానిపిద్దామని కాదు మాస్టారండీ, ఈ బీఏ మానిపిద్దామని. నర్సింగులో వేస్తే ఆసుపత్రిలో ఉద్యోగమన్నా వస్తాదంట. ఈ చరిత్రతో ఏం చేసుకుంటాదండీ?"

ఈ ప్రశ్నకు ఒకప్పుడు నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. బీఏ, ఆపైన బీఈడీ, ఆపైన ఏజెన్సీ బడిలో టీచరు పోస్టు. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. కొండ మీది పిల్లలు ఆర్ట్స్ చదవడానికి ఆ కాగితం ఎంత ధైర్యమిచ్చిందో నేను కళ్ళారా చూశాను. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ళ ఉద్యోగాలు నిలిచాయి. తర్వాత వచ్చేవాళ్ళకు ఆ భరోసా పోయింది. లేని ఆశ చూపించి ఆ పిల్లను నా తరగతిలో ఉంచుకోవడానికి నాకు మనసొప్పలేదు.

"ఉద్యోగం వస్తుందని నేను మాట ఇవ్వలేనండీ" అన్నాను.

"నేనూ కోరి చేరలేదు సార్" అంది అమ్మాయి. "సైన్సు సీటు రాక చేరాను."

అందులో చిన్నతనమేమీ లేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్వశాస్త్రం తీసుకున్నదీ డబ్బు ఇబ్బంది వల్లే. అదే చదివి ముగించిన బంధువు ఒకాయన తన పాత పుస్తకాలు ఇచ్చేశాడు, కొత్తవి కొనే పని తప్పింది. రాధాకృష్ణనే తర్వాత రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో పాఠాలు చెప్పారు, 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. ఎలా చేరామన్నది వేరు, చేరాక ఏం పట్టుకున్నామన్నది వేరు.

"ఒక మాట అడుగుతాను, చెప్పండి. పితూరీ అంటే ఏమిటి?"

ఆయన తడుముకోలేదు. "సీతారామరాజుగారి కాలం. ఇక్కడి ఠాణా మీదికి వచ్చారు గదండీ. మా తాతలు వయసు లెక్కేసుకోడానికి, పితూరీకి ముందు, పితూరీకి తర్వాత అనేవోళ్ళు."

"హాస్టల్లో చాడీలు చెబితే, పితూరీలు మొయ్యకు అంటారు నాన్నా" అంది అమ్మాయి.

ఆయన నా వైపు చూశారు. రెండూ ఒకటే మాటని ఎప్పుడూ అనుకుని ఉండరు. 1879 నాటి రంప తిరుగుబాటునూ, 1922 నుంచి 24 దాకా సాగిన పోరాటాన్నీ సర్కారు కాగితాలు 'ఫితూరీ' అనే రాసుకున్నాయి. అలజడి, అల్లరి అని ఆ మాటకు అర్థం. అణచినవాడు పెట్టిన పేరు అది. మన్యంలో అదే పేరు కాలాన్ని కొలిచే గుర్తయింది. మైదానంలో అది జారి జారి చాడీకోరు మాటగా మిగిలింది.

"పేరుదేముందండీ? పాముని తాడన్నా కాటేస్తాది గదా."

"పామును తాడనుకున్నవాడినే అది కాటేస్తుంది. మన విషయంలో అలా కాదు. పేరు పెట్టినవాడు ఒకడు, కాటు పడింది ఇంకొకరికి. మీ పోడు సంగతే చూడండి. అదే కొండ, అదే గొడ్డలి. 1882 మద్రాసు అటవీ చట్టం కింద అడవిని రిజర్వు చేశాక అది నేరం. 2005 డిసెంబరు 13కి ముందునుంచీ సాగులో ఉంటే, 2006 చట్టం ప్రకారం అది హక్కు."

"మాకు పట్టా వచ్చిందండి. కొలతే తప్పు. ఆ తప్పు పట్టుకోవాలంటే సర్వేయరు చదువు కావాల గాని చరిత్రెందుకండీ?"

గట్టి ప్రశ్న. కాసేపు నాకు మాట రాలేదు. కొలత తప్పు సర్వేయరే సరిచేయాలి, అది నిజం. అయితే ఆ కొండ కొలవాల్సిన వస్తువు ఎప్పటినుంచి అయింది, ఎవరి అవసరం కోసం అయింది అన్నది సర్వేయరు గొలుసుకు అందదు. అలాగే చెప్పాను. ఆయన ఒప్పుకున్నట్టు కనబడలేదు.

"సరేనండి. ఆ జీవో కొట్టేసినప్పుడు చదువుకున్నోళ్ళు ఉన్నారు గదా. ఏం చెయ్యగలిగారు?"

జవాబు అమ్మాయి అందుకుంది. "రాజ్యాంగం ఐదో షెడ్యూలు గవర్నరుకి ఇచ్చిన అధికారంతోనే ఆ జీవో వచ్చింది నాన్నా. ఆ అధికారం ప్రాథమిక హక్కులను దాటకూడదని కోర్టు అంది. మళ్ళీ అడగాలంటే అక్కడినుంచే అడగాలి. జీవో పోయిందని ఊరంతా బాధపడింది. ఎందుకు పోయిందో మాత్రం క్లాసులో చెప్పేదాకా నాకు తెలీదు."

"తెలిస్తే తిరిగొచ్చిందా?"

"రాలేదు."

ఆ మాట ఆమె దాచకుండా చెప్పడం నాకు నచ్చింది. తండ్రి అప్పుడు కూర్చున్నారు.

అమ్మాయి ఆగలేదు. "1879 గొడవకి కల్లు పన్ను ఒక కారణమని మా నోట్సులో ఒక లైను ఉంది. చిగురుపన్ను అనేవాళ్ళంట. ఏ కల్లు నాన్నా అది?"

"జీలుగే అయ్యుంటాది. ఇంకేముంటాది కొండ మీద? ఆ చెట్టు కల్లు దిగడానికి ఏళ్ళు పడతాదమ్మా. గంజి లేని పూట మా అమ్మావోళ్ళకి జీలుగు కల్లే కూడు. పిల్లలకీ అదే పోసేవోళ్ళు."

ఇన్నేళ్ళుగా నేను ఆ పాఠాన్ని 'అబ్కారీ విధానం' అనే శీర్షిక కింద చెబుతున్నాను. ఇంటి అవసరానికి గీసుకునే కల్లును నిషేధించారని, గుత్తేదారులు వసూళ్ళకు దిగారని, ముఠాదారులు తిరగబడ్డారని వరసగా చెప్పేస్తాను. పిల్లలు తాగుడు మీద పన్ను అనే రాసుకుంటారు. అది తిండి మీద పన్ను అని నా నోట ఏనాడూ రాలేదు.

ఆ మాట ఆయనతోనే అన్నాను.

"ఇది నాకు బీఏ చదవకుండానే తెలుసు గదండీ."

"తెలుసు. కానీ దీనికీ 1879కీ లంకె ఉందని మీకు తెలీదు. నాకు 1879 తెలుసు, జీలుగు తెలీదు. హెమింగ్‌వే 1907లో గోదావరి జిల్లా గెజిటీరు రాశాడు. హైమన్‌డార్ఫ్ అనే ఆయన 1945లో మీ కొండరెడ్ల మీద పుస్తకమే వేశాడు. కష్టపడే రాశారు. ఇద్దరూ బయటివాళ్ళు, మిమ్మల్ని అడిగి తెలుసుకున్నవాళ్ళు. మీ అమ్మాయి ఆ కాగితమూ చదవగలదు, ఈ చెట్టూ ఎరుగును."

"చదివి చదివి మా మీద రాసేవోళ్ళలో కలిసిపోతే?"

ఆ భయం నాకూ ఉంది. కలవదని చెప్పలేకపోయాను. అమ్మాయి కూడా ఏమీ అనలేదు.

ఆయన లేచి సంచి దులిపారు. "టీసీ ఈరోజు వద్దులెండి. నర్సింగు అప్లికేషన్‌కి ఇంకా టైముంది. ఆలోచిస్తాను."

గేటు దాకా వెళ్ళాను. బస్సు హారన్ వినిపిస్తుంటే అమ్మాయి తండ్రిని అడుగుతోంది: "ఆ పన్ను చెట్టుకి ఇంతని వేసేవాళ్ళా, కుండకి ఇంతనా?"

ఆయన ఆగారు. "తెలీదమ్మా. మన ముసిల్దాన్ని అడగాల."