రాని టెలిగ్రాం

అర్కాది గైదార్ పిల్లల కథలు రాశాడు. ఆయన మనవడు యెగోర్ గైదార్ సోవియట్ యూనియన్ ఎట్లా కూలిందో పుస్తకం రాశాడు. యెగోర్‌కు తల్లి వైపు తాత పావెల్ బజోవ్, ఉరాల్ కొండల కథలు చెప్పిన పెద్దాయన. అంటే ఇద్దరు కథకుల మనవడు ఆర్థికవేత్త అయ్యి, 1992లో రష్యా తాత్కాలిక ప్రధానిగా కూర్చుని, తాతల కాలం నాటి ఇంటికి తాళం వేశాడు. ఎవరైనా నవలలో ఇట్లా రాస్తే అతికినట్టు లేదని తిప్పి పంపేవాళ్లం.

ఈ తాతామనవళ్లను నేను పక్కపక్కన పెట్టుకుని చదివాను. తాతది "చుక్-గెక్", 1939 నాటిది. మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర దుకాణాల్లో, ఊరూరా తిరిగిన వాళ్ల పుస్తకాల వ్యానులో అతి చవగ్గా దొరికిన తెలుగు పుస్తకాల కోవలోది. మనవడిది "సామ్రాజ్య పతనం", 2006లో రష్యన్‌లో వచ్చింది. మొదటిది గంటలో అయిపోతుంది. రెండోదాంట్లో చమురు ధరలు, గోధుమల దిగుమతులు, విదేశీ అప్పుల పట్టికలు. నెలకు పైగా పట్టింది.

మనలో సోవియట్ పిల్లల పుస్తకాల గురించి మాట్లాడేవాళ్లు రెండు రకాలు. ఒకరు ఆ కాగితం వాసన, ఆ బొమ్మలు, ఆ రంగులు అంటూ కళ్లు మూసుకుంటారు. ఇంకొకరు అదంతా ప్రచార సాహిత్యం, లక్షల మందిని చంపిన రాజ్యం పంచిన మిఠాయి అంటారు. మొదటివాళ్లతో నాకు చుట్టరికం ఎక్కువ, రెండోవాళ్ల దగ్గర సమాచారం ఎక్కువ. కానీ ఇద్దరూ కథను మాత్రం సరిగ్గా చదవరని నా అనుమానం. నా ప్రశ్న చిన్నది. ఆ రాజ్యం ఏం చేసిందో తెలిసిన తర్వాత కూడా, చుక్-గెక్ కథను ఒక పిల్లకో పిల్లవాడికో మనస్ఫూర్తిగా చదివి వినిపించవచ్చా?

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో. మాస్కోలో ఒక తల్లి, ఇద్దరు కొడుకులు. తండ్రి ఎక్కడో సైబీరియా అడవుల్లో భూగర్భ పరిశోధక బృందానికి పెద్ద. సెలవు దొరకదు, మీరే రండని ఉత్తరం రాస్తాడు. తల్లి టికెట్ల కోసం పోయినప్పుడు ఇంటికి టెలిగ్రాం వస్తుంది. అన్నదమ్ములు కొట్టుకుంటారు. ఆ గొడవలో టెలిగ్రాం దాచిన రేకు డబ్బా కిటికీలోంచి మంచులోకి పోతుంది. వెతికితే దొరకదు. అమ్మ అడిగితే చెబుదాం, అడగకపోతే వద్దు అనుకుంటారు. వేల మైళ్లు రైల్లో, ఆ తర్వాత మంచుబండి మీద పోయి చూస్తే శిబిరం ఖాళీ. కాపలాదారు ఒక్కడున్నాడు. బృందం లోపలి అడవికి పోయింది, రెండు వారాలు ఆగి బయల్దేరమని టెలిగ్రాం కొట్టారు గదా అంటాడు.

చివరికి తండ్రి వస్తాడు. కొత్త సంవత్సరం రాత్రి అందరూ కలిసి రేడియోలో క్రెమ్లిన్ గంటలు వింటారు. రాజు లేడు, దేవుడు లేడు, వరాలు లేవు. చందమామ చదివి పెరిగిన పిల్లలకు ఇది వింతే. ఈ కథలో గొప్ప సంఘటన ఒక మనిషి ఇంటివాళ్లను చేరుకోవడం.

ఇప్పుడు ఈ కథ బయట ఏం జరుగుతోందో చూడాలి. గైదార్ పద్నాలుగేళ్లకే ఎర్రసైన్యంలో చేరినవాడు, పదిహేడేళ్లకు దళనాయకుడు. 1922లో హకాసియాలో తిరుగుబాటుదారుల మీదికి పోయినప్పుడు బందీలను చంపించాడన్న ఫిర్యాదు మీద విచారణ జరిగింది, అక్కడి నుంచి తప్పించారు. ఆ యుద్ధం తలలో మిగిల్చిన జబ్బుతో జీవితమంతా ఆస్పత్రుల చుట్టూ తిరిగాడు. చుక్-గెక్ రాసేనాటికి ఆయన మాజీ భార్య, కొడుకు తిమూర్ తల్లి, అరెస్టయి శిబిరంలో ఉంది. సైబీరియాలో పని మీదున్న తండ్రి కోసం కుటుంబం ప్రయాణం కట్టే కథ రాస్తున్న మనిషి సొంత కొడుక్కి ఆ సమయంలో తల్లి లేదు.

ఆ రెండు మూడేళ్లలో దేశంలో ఎన్నో కుటుంబాలకు అధికారులు ఒక మాట చెప్పేవాళ్లు. మీవాడికి పదేళ్ల శిక్ష, ఉత్తరాలు రాసుకునే హక్కు లేదు అని. చాలామంది విషయంలో దాని అర్థం, అప్పటికే కాల్చేశారని. ఆ మాట నమ్మి పదేళ్లు లెక్కపెట్టుకున్న తల్లులున్నారు.

చింగీజ్ ఐత్మాతోవ్‌ను తెలుగువాళ్లకు పరిచయం చేయనక్కర్లేదు. వృక్షశాస్త్రం చదివిన ఉప్పల లక్ష్మణరావు మాస్కోలో ఉండి అనువాదాలు చేసిన ఏళ్ల పుణ్యమా అని "జమీల్యా" మన ఇళ్లలో ఒక బంధువులాగే తిరిగింది. ఆ ఐత్మాతోవ్ తండ్రి తొరెకుల్‌ను 1937లో అరెస్టు చేశారు. పిల్లవాడికి అప్పుడు దాదాపు తొమ్మిదేళ్లు. 1938 నవంబరులో చంపేశారు. ఇంటికి కబురు లేదు. పాతికేళ్ల తర్వాత రాసిన "తల్లి-నేల" నవలికను ఆయన తండ్రికి అంకితమిస్తూ, నిన్ను ఎక్కడ పాతిపెట్టారో నాకు తెలియదన్న అర్థం వచ్చేట్టు రాసుకున్నాడు. "తెల్ల ఓడ"లో పిల్లవాడు తండ్రి ఆ ఓడ మీదున్నాడనుకుని రోజూ గుట్టెక్కి సరస్సు వైపు చూస్తుంటాడు. తొరెకుల్ చివరికి 1991లో దొరికాడు. బిష్కెక్ దగ్గర కొండల్లో పాత ఇటుక బట్టీ గోతిలో వందమందికి పైగా అస్థికలు బయటపడ్డాయి, వాటి మధ్య ఆయన పేరున్న అభియోగ పత్రం. ఆ చోటు సంగతి అక్కడి కాపలాదారు చనిపోయే ముందు కూతురికి చెప్పిపోయాడు, ఆమె కాలం మారేదాకా మనసులో దాచుకుంది. సోవియట్ యూనియన్ పడిపోయిన సంవత్సరమే కొడుక్కి తండ్రి కబురు అందింది. పతనం అనే మాటకు ఇట్లాంటి అర్థం కూడా ఉందని మనవడు గైదార్ పట్టికల్లో కనిపించదు. అది ఆయన తప్పు కాదు, పట్టికలు అందుకు కావు.

ఇదంతా నాకు రష్యా సంగతిగా అనిపించకపోవడానికి కారణం ఊరు. మా అచ్చంపేట నల్లమల అంచున ఉంటుంది. ఇటు రంగాపూర్, ఉమామహేశ్వరం కొండ. అటు మన్ననూరు, అమ్రాబాద్, ఆ వెనక అడవి, చెంచు పెంటలు. కమ్యూనిజం మాకు ఒక్కసారి కాదు, విడతలుగా ముగిసింది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చాక తెలంగాణ సాయుధ దళాల్లో కొన్ని నల్లమలలోకి జరిగాయి. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. నడిమి మూడేళ్లు అవసరమా కాదా అన్నదాని మీద రావి నారాయణరెడ్డి ఒక తీరుగా, పుచ్చలపల్లి సుందరయ్య ఇంకో తీరుగా రాశారు. ఇద్దరివీ చదవదగ్గ పుస్తకాలు. కానీ ఆ మూడేళ్లలో అడవి నుంచి ఇంటికి రానివాళ్ల పిల్లలు ఏమనుకున్నారో ఆ రెండింట్లో వెతికితే దొరకదు.

రెండో విడత నాకు తెలిసిన కాలం. 2004 అక్టోబరులో నల్లమల నుంచి రామకృష్ణ బయటికొచ్చి హైదరాబాద్ మంజీరా గెస్ట్‌హౌస్‌లో ప్రభుత్వంతో చర్చలకు కూర్చున్నాడు. 2005 జనవరి కల్లా చర్చల కథ ముగిసింది. 2006 జులైలో రాష్ట్ర కార్యదర్శి మాధవ్ నల్లమలలో ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. ఆ తర్వాత అడవి ఖాళీ అయింది.

బళ్లో నాతో చదివినవాళ్లలో ఒకడు, నాయిన ఏం చేస్తడని సారు అడిగితే "పూనా పోయిండు సార్" అనేవాడు. పాలమూరు జిల్లాలో ఈ జవాబును ఎవరూ ఎదురు ప్రశ్నించరు. తాండాల నుంచి, పల్లెల నుంచి సగం మంది తండ్రులు పూనా, బొంబాయి మేస్త్రీల కింద కట్టడం పనులకు పోయినవాళ్లే. అందుకే "లోపటికి" పోయినవాళ్ల పిల్లలకు కూడా పూనా అక్కరకొచ్చింది. నిజంగా పూనా పోయిన తండ్రి ఉగాదికో దసరాకో సంచులు మోసుకుని బస్టాండులో దిగేవాడు. వీడి నాయిన దిగలేదు. పత్రిక జిల్లా పేజీలో ఫొటో వచ్చింది.

ఇంకో అమ్మాయి ఉండేది, మాకంటే చిన్న తరగతి. వాళ్ల నాన్నను రాత్రి ఇంట్లోంచి పిలుచుకుపోయి ఇన్‌ఫార్మర్ అని చంపారు. పక్కన ఎర్ర సిరాతో రాసిన కాగితం పెట్టి పోయారు. అంటే ఆమె ఇంటికి మాత్రం రాతపూర్వకంగా కబురు వచ్చింది. ఈ ఇద్దరూ ఒకే బడి, ఒకే నీళ్ల తొట్టి. ఒకరి సంగతి ఇంకొకరికి తెలుసు. వాళ్ల మధ్య స్నేహం ఉందని చెప్పలేను, పగ ఉందని కూడా చెప్పలేను. తెలుగులో పిల్లల స్నేహం గురించి కథలు బోలెడు. ఆ ఇద్దరి గురించి ఒక్కటి చూపించండి.

గైదారే 1940లో "తిమూర్, అతని దళం" రాశాడు. సైన్యానికి పోయినవాళ్ల ఇళ్ల గేట్ల మీద పిల్లలు ఎర్ర నక్షత్రం గీస్తారు. ఎవరికీ తెలియకుండా ఆ ఇళ్లకు నీళ్లు తోడతారు, కట్టెలు పేరుస్తారు. ఇంటి మనిషి యుద్ధంలో పోతే నక్షత్రం చుట్టూ నల్ల అంచు. చాలా అందమైన ఊహ. మా దగ్గర ఆ పని పెద్దవాళ్లు చేశారు. 2002లో ఏర్పడ్డ అమరుల బంధుమిత్రుల సంఘం మార్చురీల దగ్గర నిలబడి శవాలను ఇళ్లకు చేర్చింది. ఇటు చంపబడ్డవాళ్ల గేట్లకు గుర్తు పెట్టిన పిల్లలు లేరు, అటు కూడా లేరు. గుర్తు పెట్టడమంటే వేలెత్తి చూపించడమే అయ్యే కాలం అది.

మళ్లీ నా ప్రశ్నకు వస్తాను. చుక్-గెక్ అబద్ధం చెబుతోందా? చాలాకాలం నాకు అట్లాగే తోచింది. నాన్న ముఖ్యమైన పనిలో ఉన్నాడు, ఆలస్యమైనా వస్తాడు, నువ్వు బాగా ఉండు. ఈ మాటను అధికారంలో ఉన్నవాళ్లూ చెప్పారు, అడవిలో ఉన్నవాళ్లూ చెప్పారు. చివరికి మనవడి ప్రభుత్వం కూడా చెప్పింది. 1992 జనవరి 2న రష్యాలో ధరల మీద అదుపు ఎత్తేశారు. ఆర్నెల్లు ఓర్చుకోండి, శరత్కాలానికి సర్దుకుంటుందని యెల్త్సిన్ అంతకుముందే జనానికి మాటిచ్చాడు. ఆ ఏడాది ధరలు పాతిక రెట్లకు పైగా పెరిగాయి. బ్యాంకులో దాచుకున్న ముసలివాళ్ల డబ్బు కాగితమైపోయింది. ఖజానా అప్పటికే ఖాళీ అయిందని, వేరే దారి లేదని మనవడు అంకెలతో వాదిస్తాడు. 1985లో సౌదీ అరేబియా ఉత్పత్తి పెంచడంతో చమురు ధర పడింది. డాలర్లు రాకపోతే గోధుమలు రావు, గోధుమలు రాకపోతే నగరాలకు రొట్టె లేదు. గోధుమల కొరత మూలం వెతుకుతూ స్టాలిన్ రైతుల భూములు గుంజుకున్న రోజుల దాకా పోతాడు. వాదన గట్టిదే. నాకు నమ్మకం కుదిరింది. కానీ ఓర్చుకోమన్న మాట వినాల్సి వచ్చింది మళ్లీ ఇంట్లో కూర్చున్నవాళ్లే.

ఇంకోసారి చదివాక కథ మీద నా అభిప్రాయం మారింది. అందులో తండ్రి ఆలస్యమయ్యేది రెండు వారాలు. దానికే మనిషిని స్టేషన్‌కు పంపి టెలిగ్రాం కొట్టించాడు. ఎందుకు రాలేడో, ఎప్పుడు రావాలో చెప్పాడు. కబురు పోగొట్టింది పిల్లలు, పంపనివాడు తండ్రి కాదు. రెండు వారాలకు టెలిగ్రాం ఇచ్చే తండ్రిని పక్కన నిలబెడితే, పదేళ్లు ఉత్తరాలు లేవని చెప్పిన రాజ్యం ఎట్లా కనిపిస్తుంది? ఆ పుస్తకాన్ని అచ్చు వేసి ప్రపంచమంతా పంచిన ప్రభుత్వం తన మీద చార్జిషీటు తనే పంచుకుంది. గైదార్ కావాలని అట్లా రాశాడని నేననను. ఆయన 1941 అక్టోబరులో ఉక్రెయిన్‌లో జర్మన్ల చేతిలో చనిపోయేదాకా ఆ రాజ్యాన్ని నమ్మినవాడే. మంచి తండ్రి ఎట్లా ఉంటాడో రాయబోతే మిగతాది దానంతటదే బయటపడింది.

అందుకే ఆ పుస్తకాన్ని దాచనక్కర్లేదనుకుంటున్నాను. కాకపోతే దాన్ని ఆ దేశానికి సర్టిఫికెట్‌గా చూపించడం మానేయాలి. ఆ ప్రేమ ఆ పుస్తకం రాసినవాడిది, తెలుగు చేసినవాడిది, చదివినవాళ్లది. మంత్రిత్వ శాఖది కాదు. అన్నలను ఇష్టపడ్డ మా ఊళ్లలో కూడా ఈ లెక్క తేలలేదు. భూమి అడిగారు, కూలి అడిగారు, పటేళ్ల ముందు నిలబడటం నేర్పారు. అది నిజం. ఆ నిజాన్ని ఎర్ర సిరా కాగితం మీద కప్పే దుప్పటిగా వాడితే ఆ అమ్మాయి ముఖం చూడలేం. పోలీసుల తుపాకీని ఆ కాగితంతో సమర్థిస్తే పూనా అన్న పిల్లవాడి ముఖం చూడలేం.

మొన్న సెలవుల్లో మా అక్క కూతురికి చుక్-గెక్ చదివాను. ఏడేళ్లు. మొదటి పేజీల్లోనే ఆపింది, టెలిగ్రాం అంటే ఏంది అని. మన దేశంలో 2013 జులైలో ఆ సేవ ఆగిపోయింది, దానికి తెలిసే వీలు లేదు. ఫోన్ లేని రోజుల్లో తొందర కబురు, అక్షరానికి ఇంత అని డబ్బులు కట్టాలి అన్నాను. అక్షరానికి కాదు మాటకని వెనక నుంచి మా అమ్మ దిద్దింది. డబ్బా మంచులో పడినచోట పిల్ల మళ్లీ ఆపింది.

"మరి వాళ్లమ్మకు చెప్పరా?"

అడిగితే చెబుదామనుకున్నారు అన్నాను.

"ఆమెకు తెల్వకపోతే ఎట్లడుగుతది?"

నా దగ్గర జవాబు లేదు. తర్వాతి పేజీ తిప్పాను. కాపలాదారు టెలిగ్రాం సంగతి ఎత్తగానే అన్నదమ్ములిద్దరూ ఏడుపందుకునే చోటు వచ్చేదాకా అది ఇంకేం మాట్లాడలేదు.