కొత్త ఇంజను, పాత రేడియేటరు

ఇంట్లో ఏది చెడినా మన నోట ముందుగా వచ్చే ప్రశ్న "ఎందుకు?" కాదు, "ఎవరు?" పాలు విరిగితే "ఎవరు కాచారు?" గోడ గడియారం ఆగితే "ఎవరు ముట్టుకున్నారు?" పిల్లాడు పరీక్ష తప్పితే "ఎవరు చెడగొట్టారు వాణ్ణి?" ఆ 'ఎవరు' దొరికాక 'ఎందుకు' ఇక ఎవరికీ అక్కర్లేదు. మనసు కుదుటపడుతుంది. పాలు మాత్రం మర్నాడు మళ్ళీ విరుగుతాయి.

ఈ లోకరీతి కళ్ళకు కట్టినట్టు కనిపించే చోటు కార్లు బాగుచేసే షెడ్డు. వంటింటి కబుర్ల మధ్య ఈ ఇంజన్ల గోల ఏమిటనుకోకండి. కాసేపట్లో ఇంట్లోకే వద్దాం.

ఒకాయన దగ్గర పాత అంబాసిడర్ ఉందనుకోండి. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయినా, నాన్నగారి కారని అమ్ముకోలేక ఉంచుకున్నాడు. అది నీలంపొగ కక్కి, ఆయిలు తాగి, చివరికి ఒకనాడు వేడెక్కి రోడ్డు మీద నిలబడిపోయింది. విజయవాడ ఆటోనగర్‌కి పంపి ఇంజను బోరు చేయించాడు. అంటే సిలిండర్లు తొలిపించి, కొత్త పిస్టన్లూ, రింగులూ, బేరింగులూ వేయించాడన్నమాట. చేతి చమురు బాగానే వదిలింది. కారు ఇంటికొచ్చిన రెండు నెలలకే లోపల టకటకమని చప్పుడు. మళ్ళీ ఆగిపోయింది.

ఎవరు? ఇంకెవరు, మేస్త్రీ! చివరగా చెయ్యి పెట్టినవాడు అతనే కదా! మేస్త్రీ ఊరుకుంటాడా? "కొత్త ఇంజన్ని మొదటిరోజే పరుగులు పెట్టించారు సార్" అంటాడు. లేత్ పనివాడు విడిభాగాలమ్మిన కొట్టుని చూపిస్తాడు. కొట్టువాడు మేస్త్రీ బిగించిన తీరుని చూపిస్తాడు. చూపుడువేలు ఊరంతా తిరిగి బయలుదేరిన చోటికే వస్తుంది. కారు కదలదు.

పని తెలిసిన పెద్ద మేస్త్రీ ఇలాంటి ఇంజను ముందు తొందరగా నోరూ విప్పడు, నట్లూ విప్పడు. కోపంతో విప్పితే సాక్ష్యం చెదిరిపోతుందని అతనికి తెలుసు. ముందు ఆయిలు శుభ్రమైన గిన్నెలోకి దింపుతాడు. ఫిల్టరు కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, బియ్యంలో రాళ్ళు వెతికినట్టు వెలుతురులో వెతుకుతాడు. మెరిసే రజను కనిపిస్తే అయస్కాంతం పెడతాడు. అంటుకుంటే ఇనుమో, ఉక్కో. అంటుకోకపోతే పిస్టన్ల అల్యూమినియమో, బేరింగుల పూతో. ఆ తర్వాతే బేరింగులు ఊడదీసి, ఏది ఏ చోటిదో గుర్తు పెట్టి వరసగా పేరుస్తాడు. కలిపి కుప్ప పోస్తే అవి మూగవైపోతాయి. వరసలో పెడితే మాట్లాడతాయి.

ఏం మాట్లాడతాయంటారా? బేరింగుకీ క్రాంక్ షాఫ్టుకీ మధ్య సందు 0.05 మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. మన తలవెంట్రుక మందం కూడా కాదు. ఆ సందులో నూనె పొర నిలిచినంతకాలం లోహం లోహాన్ని తాకదు. బేరింగు మీద సన్నగీతలు పడి, రేణువులు గుచ్చుకుని ఉంటే లోపలికి దుమ్ము పోయిందని అర్థం. పై పూత చెరిగిపోయి కింది లోహం బయటపడితే నూనె అందలేదేమోనని చూడాలి. వీపు మీద ఒక్కచోటే మెరుపు మచ్చ ఉంటే, బిగించేటప్పుడు కింద నలుసు ఉండిపోయిందన్నమాట. అది బిగించినవాడి అశ్రద్ధే. అతను జవాబు చెప్పాలి, నష్టమూ భరించాలి. కారణం వెతకడమంటే అందర్నీ క్షమించేయడం కాదు మరి!

అయితే ఒక్కోసారి కొత్తగా వేసిన భాగాల్లో ఏ దోషమూ కనిపించదు. పిస్టన్లు వేడికి ఉబ్బి సిలిండరు గోడల్ని రాసుకుపోయిన చారలుంటాయంతే. అప్పుడు పెద్ద మేస్త్రీ తల పైకెత్తి ఒక ప్రశ్న అడుగుతాడు. "అసలు మొదటిసారి ఎందుకు పాడైంది?"

జవాబు ఇంజనులో లేదు. దాని ముందున్న రేడియేటరులో ఉంది. ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళు పోసి పోసి దాని గొట్టాలు పూడుకుపోయాయి. నీళ్ళు తిరగక మొదట ఇంజను ఉడికిపోయింది. దాన్ని వేలు పోసి బాగుచేయించి, తెచ్చి మళ్ళీ ఆ రేడియేటరుకే తగిలించారు. మళ్ళీ ఉడికింది. ఉడక్కేం చేస్తుంది?

ఇక ఇంట్లోకి వద్దాం.

అత్తవారింట వేగలేక ఒకమ్మాయి పుట్టింటికి వస్తుంది. పెద్దలు కూర్చుంటారు. "సర్దుకుపోవాలమ్మా, ఆడదానికి ఓర్పుండాలి, కొత్తలో అన్నీ ఇలాగే ఉంటాయి" అని నచ్చచెబుతారు. కొత్త చీర పెట్టి, బొట్టు పెట్టి పంపుతారు. మూడు నెలలకి ఆమె మళ్ళీ గుమ్మంలో నిలబడుతుంది. ఈసారి ఎవరూ కూర్చోరు. "ఎంత చెప్పినా అంతే, పిల్లలోనే ఉంది లోపం" అని తేల్చేస్తారు. చికిత్స చేయించుకుని తాగుడు మానిన మనిషి, ఆ పాత స్నేహాల మధ్యకే తిరిగొచ్చి మళ్ళీ పడిపోయినా ఇదే తీర్పు.

బాగుచేసింది ఎవర్ని? ఆమెని. మారనిదేమిటి? ఆ ఇల్లు. రాత్రి పదింటికి ఆమె ఒక్కతే అంట్లు తోముకునే వంటిల్లు, ఆమె జీతానికి లెక్క అడిగే నోరు, ఏం జరుగుతున్నా పేపరు చాటునుంచి బయటికి రాని భర్త. వీటినెవరూ విప్పి చూడలేదు.

మనుషులూ యంత్రాలూ ఒకటేనా అని మీరడగొచ్చు. ఒకటి కాదు. మనిషికి ఇష్టాయిష్టాలున్నాయి, తప్పు చేసే స్వేచ్ఛా ఉంది. అమ్మాయిదే పొరపాటైన సందర్భాలూ లేకపోలేదు. కాని అది చూసి తేల్చవలసిన సంగతి, తేల్చుకుని చూడవలసింది కాదు. ఇనప ముక్కలకు గుర్తులు పెట్టి వరసగా పేర్చేంత ఓపిక మనిషికి దక్కకపోతే ఎలా?

ఆ ఓపిక మనకెందుకుండదో కూడా చెప్పుకోవాలి. 'ఎవరు' అని అడిగితే వేలు ఎదుటివాళ్ళ వైపు చూపిస్తుంది. 'ఎందుకు' అని అడిగితే జవాబు మన దాకా రావచ్చు. కారాయన రేడియేటరు ఖర్చు మిగుల్చుకున్నాడు. అమ్మాయి తల్లిదండ్రులు వియ్యాలవారితో తగవు మిగుల్చుకున్నారు. షెడ్డుకి తేవడానికి ఎవరు తేలికో వాళ్ళనే బాగుచేయించారు.

రేపెక్కడైనా పెద్దలు కూర్చుంటే, అమ్మాయికి బుద్ధులు చెప్పేముందు ఒక్కరైనా అడగాలి, "అసలు మొదటిసారి ఎందుకొచ్చింది?" అని. ఆ అడిగేది తల్లి అయితే మరీ మంచిది. అందరికీ కాఫీలిచ్చి వెనక్కి వెళ్ళిపోకుండా, జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చుని.