చెవి మడతలో దూది

చార్మినార్ దగ్గర అత్తరు కొట్టులో ఎప్పుడైనా నిలబడ్డారా? కొట్టాయన సన్నటి గాజు పుల్లను సీసాలో ముంచి, మన ముంజేతి మీద చిన్న గీత గీస్తాడు. వెంటనే బేరం మొదలుపెట్టకండి. అలా ఓ అరగంట తిరిగి రండి. ఒంటి వేడికి అత్తరు మెల్లగా విచ్చుకుంటుంది. పక్కాయన చేతిమీద తీయగా ఉన్నదే మన చేతిమీద ఘాటుగా అనిపించవచ్చు. అందుకే ఎవరో బాగుందన్నారని కొనడం నాకు నచ్చదు.

నాకు ప్రాణం మట్టి అత్తరు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో చేస్తారు. కాల్చిన మట్టిని రాగి కాగులో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా మంచిగంధం నూనెలోకి పట్టిస్తారు. తొలకరి చినుకు పడ్డ వాసన, సీసాలో! ఆ వాసనకు 1964లో ఇద్దరు శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారు. కన్నౌజ్ వాళ్లు అప్పటికే దాన్ని సీసాల్లో నింపి అమ్ముతున్నారు.

అత్తరు సంగతి అలా ఉంచితే, మా నాన్న గడ్డం గీసుకున్నాక పటిక ముక్క రుద్దుకునేవారు, ఆపైన చెంపలకు లోషన్. ఆ చల్లటి వాసనతోనే మా ఇంట్లో తెల్లవారేది. నేనూ అదే రకం లోషన్ వాడతాను. బహుమతిగా వచ్చిన ఖరీదైన సీసాలు బీరువాలోనే ఉన్నాయి.

ఏదైనా సరే, చుక్క చాలు. మొన్న బస్సులో చెవి మడతలో అత్తరు దూది పెట్టుకున్న పెద్దాయన ఒకరు నా పక్కన కూర్చున్నారు. దిగేందుకు ఆయన లేచినప్పుడు గానీ గులాబీ వాసన నాకు తెలియలేదు.