సంచిలో ముందు పడాల్సింది

అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయలో 2012లో మొదలైన సంగీతోత్సవానికి పిల్లాపాపలతో వెళ్లి గుడారంలో ఉండాలనుకునేవారు ఇన్నర్ లైన్ పర్మిట్, రెయిన్‌కోట్లు, స్వెట్టర్లు ఎలాగూ మరిచిపోరు. సెప్టెంబరు వానలూ బురదా వాటిని గుర్తుచేస్తాయి. పిల్లల చెవులకు పెట్టే ఇయర్‌మఫ్‌ల మాట మాత్రం ఎవరికీ తట్టదు. నా దృష్టిలో సంచిలో మొదట పడాల్సినవి అవే. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలకు మించి ఉండకూడదన్నది పనిచేసే చోట్లకు పెట్టిన లెక్క. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 దగ్గర పావుగంటే! పెద్ద స్పీకర్ల ముందు ఆ స్థాయి మామూలే. పైగా ఇది పెద్దవాళ్ల కోసం వేసిన లెక్క.

చెవులు మూసుకుని పాట వినడమేమిటని అడగవచ్చు. ఇయర్‌మఫ్ పాటను ఆపదు, హోరును తగ్గిస్తుంది. పెళ్లి ఊరేగింపుల్లో డీజేలు విన్నాం, మనకేమైందనేవారూ ఉంటారు. ఏమీ కాలేదని అంత తేలిగ్గా చెప్పలేం. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు, ఆ నష్టం చాలాసార్లు ఏళ్లు గడిచాకే బయటపడుతుంది. చెవి నొస్తోందని పసివాడు చెప్పనూ లేడు. ప్రయాణానికి వారం ముందు నుంచే పిల్లలకు ఇంట్లో కాసేపు ఇయర్‌మఫ్‌లు పెట్టి అలవాటు చేయండి. అక్కడే కొత్తగా పెడితే పీకి పారేస్తారు. గుడారం కూడా వేదికకు దూరంగా వేసుకోండి.