వరుసలో ముందటి చోటు

ధర్మములన్నింటిలో పిల్లలకు మొట్టమొదట తెలియవచ్చునది "నా వంతు" అనునది. అబద్ధమాడరాదని వారికి మనము చెప్పి నేర్పవలయును. ఒరుల వస్తువు ముట్టరాదని పలుమాఱు మందలించి నేర్పవలయును. కాని ఉయ్యాలయొద్ద నలుగురు చేరినప్పుడు ముందు వచ్చినవాడు ముందెక్కవలెనను మాట వారికెవ్వరును బోధింప నక్కఱలేదు. ఇరువదేండ్లుగా బడిపిల్లల నడుమ మెలగుచున్నవాడను గనుక ఈ విషయము నిశ్చయముగా చెప్పగలను. పిల్లలు చాలీచాలని బట్టను సహింతురు, ఉపాధ్యాయుని కోపమును సహింతురు. వంతు తప్పుటను మాత్రము సహింపరు. ఇంత సహజమైన ఈ న్యాయమును పెద్దలు వెలకట్టి అమ్మవచ్చునా యనునదే ఇచట విచారింపదలచిన విషయము.

ఈ ప్రశ్నము నాకు గ్రంథములలో తగులలేదు. అమెరికాలో, ఫ్లారిడా రాష్ట్రమున, మండుటెండలో తగిలినది. మా చెల్లెలు భర్తతోను ఇద్దఱు పిల్లలతోను ఆ దేశమున నివసించుచుండుటచే ఒక వేసవి సెలవులలో నేనటకు పోవుట తటస్థించినది. పిల్లలను వెంటబెట్టుకొని అచటి గొప్ప వినోదోద్యానములలో నొకదానికి పోయితిమి. దాని పేరుతో ఇచట పనిలేదు. నేను చెప్పబోవు ఆచారము ఆ దేశమున పెక్కుచోట్ల కలదు. అట్టి ఉద్యానముల యెడల మన పండితులలో కొందఱికి గల యీసడింపు నాకు లేదు. అట్టదుర్గములు, బొమ్మ భూతములు, తెరమీది ఎలుకకు మ్రొక్కులు అని వారు నవ్వుదురు. మన తిరునాళ్లలో రంగులరాట్నమెక్కని పండితుడెవ్వడు? వేలకొలది జనము తిరుగు బాటలలో కాగితపు ముక్కయైనను కనబడకుండుట, చెమటలు క్రక్కుచున్న పనివారు పసిపిల్లలను నవ్వుమొగముతో పలుకరించుట నేను చూచితిని. అవి చిన్న సంగతులు కావు.

అట్టి యుద్యానము లోపల ప్రతి వినోదశకటము ముందఱను రెండు వరుసలుండును. ఒకటి ప్రవేశరుసుము చెల్లించిన వారందఱిది. అందు గంటయు గంటన్నరయు నిలువవలసి రావచ్చును. రెండవది అదనముగా సొమ్మిచ్చినవారిది. అందు నడచుటయే కాని నిలుచుట అరుదు. రెండును ఒకే బండియొద్దకు చేరును.

ఇది మొదటినుండియు ఇట్లే యుండలేదు. డిస్నీవారి చరిత్ర లోకవిదితము గావున దానినే చెప్పుదును. 1955లో కాలిఫోర్నియాలో వారు తొలి యుద్యానమును తెఱచిన యేటినుండియు ఒక్కొక్క వినోదమునకు ఒక్కొక్క చీటి చొప్పున చీటీల పుస్తకములమ్మెడివారు. 1971లో ఫ్లారిడాలో తెఱచిన మహోద్యానమునను అదే పద్ధతి. 1982లో చీటీలు పోయి, ద్వారమున ఒక్కమాఱు రుసుము చెల్లించినచో లోపల అందఱును సమానులే యైరి. 1999లో నిర్ణీతవేళకు వచ్చి త్వరగా లోనికి పోవుటకు వేఱొక చీటి కల్పించిరి. అది యుచితము, ఎల్లరకును లభ్యము. 2021లో ఆ యుచితపు చీటి పోయి, వెలచీటి వచ్చినది. ఫ్లారిడాలో మొదట దాని వెల మనిషికి దినమునకు 15 డాలర్లు. పిమ్మట రద్దీనిబట్టి వెల మాఱసాగినది. జనులు మిక్కిలి కోరు కొన్ని వినోదములకు వేఱుగా చెల్లింపవలెను. ఆ బాటకు "మెఱపుబాట" యని అర్థము వచ్చు పేరు పెట్టిరి. మెఱపు కొందఱికి, ఎండ అందఱికి.

మా మేనకోడలికి ఆఱేండ్లు. నలువది నిమిషములు ఓపికతో నిలిచి, ప్రక్కబాటన తన యీడు పిల్లవాడొకడు పరుగెత్తుకొని పోవుట చూచి, "మామయ్యా, వాడు మనకంటె ముందు వచ్చినాడా?" అని యడిగినది.

"లేదమ్మా. వారు ఎక్కువ డబ్బిచ్చినారు."

"మనమెందు కీయలేదు?"

ఈ రెండవ ప్రశ్నమునకై ఆ పిల్లను తప్పుపట్టరాదు. పెద్దలు నేర్పిన లెక్కను ఆమె తిరిగి మనకే యొప్పజెప్పినది. అయినను, మొదటి ప్రశ్నమున న్యాయముండెను. రెండవదానియందు ధరయే యున్నది. రెంటికి నడుమ నొక్క వాక్యము వ్యవధి. ఆ వాక్యము పలికినది నేను, అది సత్యమే.

ఈ విక్రయమును సమర్థించువారి వాదము బలహీనమైనది కాదు. మా చెల్లెలి భర్త లెక్కలు తెలిసినవాడు. ఆ సాయంకాలము భోజనమువేళ చక్కగనే వాదించినాడు. ఉద్యానము వారి సొంతము, రమ్మని ఎవ్వరిని బలవంతపెట్టలేదు, దూరదేశములనుండి ఒక్క దినమునకై వచ్చినవానికి కాలమే ధనము, కాలము తక్కువైనవాడు ధనమిచ్చి కాలము కొనును, ధనము తక్కువైనవాడు కాలమిచ్చి ధనము మిగుల్చుకొనును, ఇందెవ్వరికి నష్టము? ఇంగ్లీషు అర్థశాస్త్రజ్ఞులును ఇంచుమించుగా నిట్లే చెప్పుదురు.

ఈ వాదమున రెండు పగుళ్లున్నవి. పేదవానికి కాలము విస్తారముగా నుండుననుట మొదటిది. అమెరికాలో జీతముతోడి సెలవు తప్పక యీయవలెనని కేంద్రప్రభుత్వ శాసనమేదియు లేదు. కూలివాని సెలవుదినము కూలి పోయిన దినము కావచ్చును. ఏండ్ల తరబడి కూడబెట్టి పిల్లలను ఒక్కమాఱు తెచ్చినవాని గంట, ఏటేట వచ్చువాని గంటకంటె చౌక యెట్లగును?

రెండవది ఇంకను లోతైనది. అమ్ముడగుచున్న వస్తువు ఎవరిది? బండి యజమానునిది, పట్టాలు యజమానునివి. వానికి వెల పెట్టుట ఆతని హక్కు. కాని ఆ బండి గంటకు ఇంతమందినే మోయగలదు. మెఱపుబాటవాడు ఒకడు ముందెక్కినచో, ఎండలోని వరుస అంతమేర వెనుకబడును. అతడు కొన్న నిమిషములు యజమానుని గిడ్డంగినుండి వచ్చినవి కావు. నిలిచియున్న తల్లులనుండి, చంకబిడ్డలనుండి చిటికెడు చిటికెడుగా తీసినవి. వెల మాత్రము వారికి చేరదు. ఒరుల వస్తువు ముట్టరాదని పిల్లలకు నేర్పుచు, ఈ వ్యాపారమునకు మనమే పేరు పెట్టవలెను?

కఠోపనిషత్తులోని నచికేతుని కథ చదువరు లెఱుగుదురు. బాలుడు మూడు రాత్రులు యముని యింట అన్నపానములు లేక వేచియుండెను. మృత్యుదేవత యంతటివాడు ఇంటికి వచ్చి, అతిథిని నిరీక్షింపజేసితినే యని నొచ్చుకొని, రాత్రికొకటి చొప్పున మూడు వరములిచ్చెను. వాకిట వేచిన అతిథికి గృహస్థు ఋణపడునని దాని తాత్పర్యము. ఉద్యానములవారు ఈ ఋణమెఱుగనివారు కారు. 2012లో డిస్నీవారు ఎగురు ఏనుగుల వినోదముకడ, వరుసలో నిలుచుటకు మాఱుగా పిల్లలు ఆడుకొనుటకు గుడారములో ఆటస్థలము నిర్మించిరి. అది ఋణము తీర్చు పద్ధతి. వెలచీటిలో ఋణస్థుడే తన బాకీని సరకుగా చేసి ఋణదాతకు అమ్ముచున్నాడు. లాభమునకై వరుసను పొడిగించుచున్నారని నా అభియోగము కాదు. వరుస పొడవైనకొలది చీటికి గిరాకి హెచ్చును. అట్టి స్థితిలో నిలిచినవానికి దానిని పొట్టిచేయు కోరిక యెంత గట్టిదై యుండునని మాత్రమే యడుగుచున్నాను.

అన్ని మినహాయింపులును అన్యాయములని నా మతము కాదు. ఆ ద్వారములకడనే ఒక కొలకఱ్ఱ నిలిపియుండును. ముప్పదియెనిమిది అంగుళములని యొకచోట, నలువదినాలుగని వేఱొకచోట గీత. గీతకు తల తగులని పిల్లవాడు కోటీశ్వరుని కొడుకైనను వెనుకకు మరలవలసినదే. మా మూడేండ్ల మేనల్లుడు తగులక బిగ్గఱగా నేడ్చినాడు. కాని ఇది అన్యాయమని అతని అక్కకు తోచలేదు. అట్టి చిన్నవాడున్న కుటుంబమున తండ్రి బిడ్డతో బయట నుండగా తల్లి యెక్కివచ్చును. పిమ్మట తండ్రి మరల వరుసలో నిలువకయే యెక్కవచ్చును. దీనికి వెల లేదు. అతడును ప్రక్కబాటనే పోవును. అయినను చంటివాని నెత్తుకొనియున్న తల్లిని చూచినవారు దారి యిత్తురు, గొణుగరు. అక్కఱకు దారి యిచ్చుటకు జనము సిద్ధమే.

ధనము ఈ అక్కఱబాటలోనికిని చొరబడక మానదు. అంగవికలురకు వరుసనుండి మినహాయింపు నిచ్చు కార్డు డిస్నీవారియొద్ద చిరకాలముండెను. కొందఱు ధనికులు అంగవికలులైనవారికి కూలియిచ్చి, తమ కుటుంబమువారుగా వెంటగొనిపోయి ముందుచోటు సంపాదించుచున్నారని 2013లో పత్రికలలో వెలువడినది. ఆ యేటనే ఆ కార్డును రద్దుచేసి వేఱొక యేర్పాటు చేసిరి. ఇచట ధూర్తులను నిందించుట సులభము. కాని ముందుచోటు కొనదగిన సరకని అలవాటు పడిన మనసునకు, అది ఎవరియొద్ద కొనవలెనను వివేకము ఎంతకాలము నిలుచును?

మఱునాడు ఏమి చేయవలెనని మాలో తర్జనభర్జన జరిగినది. చిన్నవానికి ఎండ తగులునేమోయని మా చెల్లెలి భయము. అది నిజమైన అక్కఱ. చివరకు చీటి కొనలేదు. ఉదయమే పోయి, ఐదు వినోదములు చూచి, చిన్నవానికి నిద్ర రాగానే బసకు మరలితిమి. పెక్కు చూడలేకపోతిమి. మేనకోడలు వరుసలో ఒక పిల్లతో చేరి వ్రేళ్లు లెక్కించు ఆట యాడుచుండెను. ఇద్దఱికిని ఒకరి భాష యొకరికి రాదు.

ఇవన్నియు పరదేశపు సంగతులని ఊఱకుండుటకు వీలులేదు. తిరుమలలో సర్వదర్శనపు వరుస కలదు, మూడువందల రూపాయల ప్రత్యేక ప్రవేశపు వరుస కలదు, 2019 నుండి పదివేలు విరాళమిచ్చినవారికి వేఱొక దర్శనము కలదు. ఏడాదిలోపు శిశువులు గల తలిదండ్రులకు, వృద్ధులకు, అంగవికలురకు వేఱుగా చేసిన యేర్పాటులు అక్కఱను చూచి చేసినవే. ఆలయమునకు చేరిన ధనము అన్నదానమునకును ధర్మకార్యములకును వినియోగమగుననుట వాస్తవము. కంపెనీ లాభముతో దానిని పోల్చరాదు. అయినను వరుసలో నిలిచినవాని నిమిషములు అచటను నిమిషములే. మేనల్లునికి ఐదవయేట పుట్టువెండ్రుకలు తీయించుటకు మా చెల్లెలు పిల్లలతో కొండకు రానున్నది. అప్పటికి మేనకోడలికి ఎనిమిదేండ్లు. కంపార్టుమెంటు ఊచల గుండా ప్రక్కవరుసను చూచి ఆ పిల్ల అడుగక మానదు; ప్రక్కన నిలుచువాడను నేనే.