మాటల విలువ – మనుష్యుల విలువ

ఒక మాటను నేర్చినవాడు ఆ మాట సూచించు గుణమును కూడ నేర్చినట్లేనా? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కనిపించును. కాని మన ఇండ్లలోను, మఠముల ఆశ్రయమున నడచు పాఠశాలలలోను, వసతి గృహములలోను పిల్లలు చదువుచున్న చదువును గమనించినచో, పెద్దలు విచారింపదగిన ప్రశ్నలలో ఇది ముఖ్యమైనదని తోచును. ఆంగ్లభాషయందు ఓనమాల దశ దాటి మధ్యమస్థాయికి వచ్చిన విద్యార్థికి సంఘమును గూర్చిన మాటలు, కథలు చెప్పుటను గూర్చిన మాటలు, ఇతరులను ఆదరించుటను గూర్చిన మాటలు పట్టికలుగా ఇయ్యబడును. సొసైటీ, కమ్యూనిటీ, స్టోరీ, రెస్పెక్ట్, వేల్యూ, ఎంపతీ మున్నగునవి అట్టివి. బాలుడు వానిని వల్లె వేయును, అర్థము వ్రాయును, సొంత వాక్యమున ప్రయోగించి మార్కులు పొందును. అంతటితో ఆ పాఠము ముగిసినదా?

ఈ విషయమున రెండు అభిప్రాయములు తరచుగా వినవచ్చుచుండును. ఆంగ్లము బ్రతుకుతెరువునకు పనికివచ్చు సాధనమే గాని దానికిని శీలమునకును సంబంధము లేదని కొందరందురు. పరభాష వచ్చినకొలదియు మన పిల్లల మనస్సు మననుండి దూరమగునని మరికొందరు వాపోవుదురు. మొదటివారు మాటను కేవలము పనిముట్టుగా చూచుచున్నారు. రెండవవారు దోషమంతయు పరభాషపై మోపుచున్నారు. మాటలలో దాగియున్న మానవచరిత్రను కొంచెము తరచి చూచినచో ఈ రెండును సంపూర్ణసత్యములు కావని తెలియును.

సొసైటీ అను పదమునకు మూలము లాటిన్ భాషయందలి సోషియస్ అను మాట. దానికి తోడు, సహచరుడు అని అర్థము. కావున ఆ పదము యొక్క పుట్టుకలో సంఘమనగా జనుల గుంపు కాదు, ఒకరికొకరు తోడైనవారు. కంపెనీ అనగానే మనకు వ్యాపారసంస్థ జ్ఞప్తికి వచ్చును. దాని మూలార్థము కూడి రొట్టె తినువారు అని. లాటిన్‌లో పానిస్ అనగా రొట్టె. ఒక పంక్తిని కూర్చుండి భుజించువారే చెలికాండ్రని ఆ పదమును పుట్టించిన జనులు తలచినారన్నమాట. ఈ భావము మనకు క్రొత్తది కాదు. దాసోహమును ఎరిగిన ఇంటి పిల్లవానికి కంపెనీ అను మాటను వివరించుటకు నిఘంటువు అక్కరలేదు, మఠములోని పంక్తిభోజనమును చూపిన చాలును. తుమకూరు సిద్ధగంగా మఠమున, 2019వ సంవత్సరమున 111 ఏండ్ల వయస్సున లింగైక్యులైన శ్రీ శివకుమార స్వామివారి కాలమున, కులభేదము లేక వేలమంది బాలురు అన్నమును, ఆశ్రయమును, అక్షరమును ఒక్కచోటనే పొందినారు. చదువును, పంక్తిని వేరు చేయని చోట మాటకు అర్థము సులభముగా పట్టుబడును.

ఇది ఒక పార్శ్వము మాత్రమే. రెండవ పార్శ్వము ఇంత మధురమైనది కాదు. చలనచిత్రముల పుణ్యమా అని విలన్ అను మాట మన పల్లెలలో సైతము అందరకును తెలియును. ఆ మాటకు మొదటి అర్థము దుష్టుడని కాదు, భూస్వామి క్షేత్రమున పనిచేయు పల్లెవాడని. వల్గర్ అను మాట సామాన్యజనమును తెలుపు లాటిన్ పదమునుండి వచ్చి అసభ్యమను అర్థమున స్థిరపడినది. బూర్ అనగా మొరటువాడు. దాని మూలమున ఉన్నది రైతు. మరి సౌమ్యుడని అర్థమిచ్చు జెంటిల్ అను పదమో, మంచి వంశమున పుట్టినవాడని చెప్పు మాటనుండి వచ్చినది. అనగా దున్నువాడు దుష్టుడైనాడు, వంశము కలవాడు సౌమ్యుడైనాడు. పేరు పెట్టు అధికారము ఎవరి చేతిలో ఉండెనో ఈ మాటలే సాక్ష్యము చెప్పుచున్నవి.

ఇట్లు చెప్పి ఆంగ్లేయులను నిందించుట సులభము. కాని మన మాటలను కూడ ఒకసారి తూచి చూడవలెను. నగరమున ఉండువాడు నాగరికుడు, అతని నడవడి నాగరికత. గ్రామమునకు సంబంధించినది గ్రామ్యము, అది కావ్యమున దోషము, వ్యవహారమున వెక్కిరింత. దున్నువానిని, నేయువానిని, చెప్పులు కుట్టువానిని చిన్నచూపు చూచు పలుకుబడులు మన నోటను ఎన్ని లేవు! కూలి అను మాటనే తీసికొనుడు. తెలుగు, తమిళ, కన్నడ భాషలయందు కూలి అనగా శ్రమకు తగిన ప్రతిఫలము, ఎవరిని కించపరచునది కాదు. ఈ మాటయే ఆంగ్లమున చేరి మనిషి పేరైనదని పలువురు భాషావేత్తలు భావింతురు. 1860 నవంబరులో ట్రూరో అను ఓడ మద్రాసునుండి దర్బనుకు చేరినది మొదలు, చెరకు తోటలలో ఒప్పందపు పనికి నేటాలుకు పోయినవారిలో తెలుగువారు ఎందరో కలరు. ఆ దేశమున కూలీ అనునది భారతీయులందరిని కించపరచు తిట్టైనది. గాంధీ మహాత్ముడు సైతము అచట కూలీ బారిస్టరని పిలువబడినాడు. కాయకమునకు లభించు గౌరవప్రదమైన ప్రతిఫలము పేరు, పరుల నోటబడి కాయకము చేయువానికే అవమానమైనది. లోపము మాటలో లేదు, పలికినవాని చూపులో ఉన్నది.

సర్వనామముల విషయము ఇంకను విచారింపదగినది. ఎదుటివారిని నీవు అనవలెనా, మీరు అనవలెనా అని తెలుగువాడు నోరు తెరచుటకు ముందే నిర్ణయించుకొనవలెను. పరోక్షమున వాడు, అతడు, ఆయన, వారు అని మెట్లున్నవి. స్త్రీ విషయమున మరియు దారుణము. ఇంటి పనికి వచ్చు వృద్ధురాలిని గూర్చి పసిపిల్లలు సైతము అది వచ్చినదని అనుచుందురు. వస్తువునకు వాడు మాటయే అవ్వకును వాడుట వారికి ఎవరు నేర్పినారు? మనమే గదా. ఆంగ్లమున అధికారిని గూర్చి చెప్పినను, అంట్లు తోము ఆమెను గూర్చి చెప్పినను షీ అను పదమొక్కటే. ఎదుట నిలిచినవారు ఎవరైనను యూ అను పదమొక్కటే. ఈ సమత ఆ భాషకు పుట్టుకతో వచ్చినది కాదు. పూర్వము వారికిని చనువునకు, చిన్నచూపునకు దౌ అనియు, గౌరవమునకు యూ అనియు రెండు మాటలుండెను. 17వ శతాబ్దియందు క్వేకరులను మతస్థులు, మనుష్యులందరు సమానులైనపుడు ఒకరికి ఒక మాట, మరియొకరికి మరియొక మాట ఏల అని న్యాయాధిపతులను సైతము దౌ అని సంబోధించి శిక్షలకు గురియైనారు. కాలక్రమమున నిత్యవ్యవహారమునుండి దౌ తొలగిపోయి, గౌరవవాచకమైన యూ అందరికిని దక్కినది.

దీనినిబట్టి సమతకు రెండు దారులు కలవని తెలియుచున్నది. అందరిని నీవు అనుట ఒకటి, అందరిని మీరు అనుట మరియొకటి. కల్యాణనగరమున 12వ శతాబ్దిని శరణులు నడచిన దారి రెండవది. బట్టలుతుకు మాచయ్య, పడవ నడపు చౌడయ్య, త్రాళ్లు పేను చందయ్య, కట్టెలమ్ము మారయ్య అందరును అయ్యలే. మడివాళ, అంబిగర, నులియ, మోళిగె అను వృత్తినామములు వారి పేళ్లకు ముందు నిలిచినవి, వానిని మరుగుపరచ వలసిన అవసరము ఎవరికిని తోచలేదు. పనిపేరు ప్రక్కన అయ్య అను మాట చేరగానే పనియు పెరిగినది, మనిషియు పెరిగినాడు. ఎదుటివానిని పిలుచు తీరును బసవేశ్వరుడు ఆచారమునకు గీటురాయిగా చూపుటలోని ఆంతర్యము ఇదియే.

అట్లయినచో యూ అను మాటను నేర్చినంతనే సమత వచ్చునా? రాదు. అందరిని యూ అని పిలిచిన నోళ్లే మనవారిని కూలీలనియు పిలిచినవి. అందరిని అయ్యా అని పిలిచి గడప బయటనే నిలుపు ఇండ్లును లేకపోలేదు. వ్యాకరణము మనకు అవకాశమును మాత్రమే ఇచ్చును, గుణమును ఇయ్యజాలదు. మరి ఆ గుణము ఎట్లు అబ్బును?

ఇక్కడనే కథకు ప్రవేశము. ఎంపతీ అను మాట ఆంగ్లమున చేరినది 1909లో, ఒక జర్మన్ పదమునకు అనువాదముగా. ఎదుటివాని అనుభవమున ప్రవేశించి దానిని తనదిగా ఎరుగుట దాని భావము. అంతకు పూర్వము లోకమున అట్టి మనస్సు లేదా? పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దిని ద్విపదలో రచించిన బసవపురాణమున బెజ్జమహాదేవి కథ కలదు. ఆ ముగ్ధభక్తురాలు శివుని చూచి ఆశ్చర్యపడలేదు, భయపడలేదు. పాములు చుట్టుకొని, బూడిద పూసికొని, విషము త్రాగి తిరుగుచున్నాడే, తల్లియే ఉన్నచో ఇట్లు విడిచిపెట్టునా అని తలపోసి, తానే తల్లియై లాలించినది. లోకము కొలుచు దేవునియందు ఆమెకు దిక్కులేని బిడ్డ కనిపించినాడు. ఎంపతీ అను పదమునకు పది నిఘంటువులు చెప్పు అర్థము ఒక ఎత్తు, ఈ కథ ఒక్కటియు ఒక ఎత్తు. కథ విన్న బాలునికి ఆ పదము క్రొత్తది కావచ్చును గాని భావము పాత చుట్టమే.

కథ చెప్పుటను తెలుపు టెల్ అను ఆంగ్లపదమునకు లెక్కించుట అనియు ప్రాచీనార్థము కలదు. బ్యాంకులో ధనము లెక్కించువానిని టెల్లర్ అనుట అందువలననే. కథ చెప్పుటయు ఒక లెక్కింపే. ఎవరి కథ చెప్పబడునో వారు లెక్కలోనివారు, ఎవరి కథ ఎవరును చెప్పరో వారు లెక్కలోనికి రారు. సోమనాథుడు రాజుల కథలు చెప్పి కానుకలు పొందగోరలేదు. వేటకాని కథను, చాకలి కథను, ఏమియు ఎరుగని ముగ్ధల కథను పాడుకొనదగిన జాను తెనుగున చెప్పి వారిని లెక్కలో చేర్చినాడు. ఆ కథలకు 1990లో వెల్చేరు నారాయణరావు, జీన్ రోఘైర్ అను పండితులు చేసిన ఆంగ్లానువాదమును అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించినది. కావున ఆంగ్లము మనకు దూరపు భాష, మన కథలకు పనికిరానిది అనుటకు వీలులేదు.

భాష నేర్చుట ఇతరులను ఆదరించుటగా పరిణమించునని చూపిన చార్లెస్ ఫిలిప్ బ్రౌనును ఇక్కడ స్మరింపవలెను. 1820లో కడపకు ఉద్యోగమునకు వచ్చిన ఆ దొరకు కచేరీ పని నడుపుటకు కావలసిన తెలుగు కొంచెమే. ఆయన అక్కడ ఆగలేదు. సొంత ధనముతో పండితులను పోషించి వ్రాతప్రతులను సేకరింపజేసినాడు. వేమన పద్యములను ఆంగ్లానువాదముతో 1829లో ప్రకటించినాడు. జంగముల మతమును, ఆచారములను, వాఙ్మయమును గూర్చి 1840లో ఆంగ్లమున వ్యాసము వ్రాసినాడు. 1852లో నిఘంటువును ముద్రింపించినాడు. ఏలికల భాషలో పుట్టినవాడు ఏలబడువారి మాటలను ప్రోగుచేయుటకు జీవితమును వెచ్చించినాడు. భాషను అధికారమునకు నిచ్చెనగా వాడినవారు ఆ కాలమున పెక్కురు. వారి పేళ్లు నేడు మనకు తెలియవు.

ఇపుడు మన ఇండ్లలోనికి చూతము. ఆంగ్లము వచ్చినవాడు పై మెట్టున, రానివాడు క్రింది మెట్టున నిలుచు క్రొత్త వర్ణవ్యవస్థ మన కన్నుల ఎదుటనే పెరుగుచున్నది. తండ్రి ఉచ్చారణను చూచి కుమారుడు నవ్వును. బడి వార్షికోత్సవమునకు అవ్వను తీసికొనిపోవుటకు మనుమరాలు సందేహించును. దరఖాస్తు చేతబట్టుకొని తెలుగున అడిగినవానిని నిలువబెట్టి, ఆంగ్లమున అడిగినవానికి కుర్చీ చూపు కార్యాలయములు కలవు. రెస్పెక్ట్ అను పదమునకు అర్థము వ్రాసి పూర్తి మార్కులు పొందిన బాలుడే ఆ పదము రాని అవ్వను చులకన చేసినచో, ఆ మార్కులు ఎవరికి వేసినట్లు? పుట్టుకవలన వచ్చు హెచ్చుతగ్గులను త్రోసిపుచ్చిన శరణుల వారసులమని చెప్పుకొనుచు, పలుకుబడివలన వచ్చు హెచ్చుతగ్గులను ఇంటిలోనికి ఆహ్వానించుట మనకు తగునా?

దీనికి ఉపాయము ఆంగ్లమును మానుట కాదు. చదువు లేనివారి పిల్లలకే ఆ భాష ఎక్కువ అవసరము. దానిని వలదనుట ఉన్నవారు లేనివారికి చేయు మరియొక అన్యాయము. చేయదగినది వేరు. బాలుడు ఒక క్రొత్త పదమును తెచ్చిన దినమున దాని అర్థముతోపాటు దాని కథను అడుగుడు. విలన్ అనగా ఎవరో తెలిసిన పిల్లవాడు పొలములో వంగిన మనిషిని ఇక మునుపటివలె చూడలేడు. అవ్వ చెప్పిన కథను ఆంగ్లమున వ్రాయుమనుడు. అపుడు కథకు ఆధారము అవ్వ, భాషకు ఆధారము బాలుడు, ఇద్దరిలో ఎవరును తక్కువ కారు. ఇంటికి పనికి వచ్చువారిని ఏ మాటతో పిలువవలెనో పెద్దలు మొదట తమ నోట దిద్దుకొని పిమ్మట పిల్లలకు నేర్పుడు. వసతి గృహమున వంట చేయు అయ్య పేరు, ఊరు, బ్రతుకు తెలియని విద్యార్థి సొసైటీ అను పదమును ఇంకను నేర్వలేదని ఉపాధ్యాయులు గ్రహింతురు గాక.

మన తెలుగున వెల, విలువ అని రెండు మాటలు కలవు. అంగడిలోని వస్తువునకు వెల కలదు. మనిషికి వెల లేదు, విలువ కలదు. ఆంగ్లము నేర్చిన బిడ్డకు సంతలో వెల పెరుగును. అది మంచిదే, కుటుంబమునకు కావలసినదే. కాని తన విలువ పెరుగుట ఇతరుల విలువను గుర్తించుటలోనే ఉన్నది. నేర్చిన ప్రతి మంచి మాటయు మనపైబడిన ఒక ఋణము. నుడిని నేర్చితిమి, ఇక నడతతో దానిని తీర్చవలెను. తీర్చినకొలదియు ఆ మాట మనదగును. తీర్పనిచో అది మన నోటియందున్న పరుల సొమ్మే.